సజ్జ నిండుకున్న ఏడాది

రాష్ట్రం విడిపోయిన రెండో మూడో ఏడు, జూన్ మొదటి సోమవారం నాడు నేను ఆత్మకూరులో డ్యూటీలో చేరాను. పోస్టు పేరు డివిజన్ గణాంకాధికారి. ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుంది. మెట్ట మండలాల్లో పంటల దిగుబడిని త్వరగా అంచనా వేయడానికి తాత్కాలికంగా ఒక యూనిట్ పెట్టి, దానికి నన్ను వేశారు. ఆ యూనిట్‌ను తర్వాత ఎత్తేశారు కాబట్టి దాని మంచిచెడ్డలు ధైర్యంగా రాస్తున్నాను. నా పైన జిల్లా అధికారి, నా కింద మండలానికొక సహాయ గణాంకాధికారి, వాళ్ల కింద ఊళ్లల్లో తిరిగే ఫీల్డు సిబ్బంది. గణాంకాధికారి అంటే ఏమిటో ఊళ్లో చాలామందికి తెలియదు. మా ఇంటి ఓనరు గారు నన్ను చాలాకాలం లెక్కల టీచరమ్మ అనే పిలిచారు. టీచరైతే అద్దె పెంచడానికి మొహమాటపడతారని నేనూ సరిదిద్దలేదు.

ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో ఒక అద్దె మేడ మీద ఉండేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా "బద్వేలు, బద్వేలు" అన్న కండక్టర్ల కేకల మధ్యే మా కూడికలు, తీసివేతలు జరిగేవి. కింద టీ కొట్టాయన మెట్ల మీద నా చెప్పుల చప్పుడు విని గ్లాసు కడిగేవాడు. ఇప్పుడు ఇంట్లో ఎంత మంచి పొడి వేసుకుని కాచుకున్నా ఆ టీ రుచి రాదు. ఆ ఆఫీసు గుర్తొస్తే నాకు మొదట గుర్తొచ్చేవి ఆ కేకలూ ఆ టీయే.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఒక మండలంలో సజ్జ ఎంత పండిందో తెలియాలంటే ప్రతి చేనూ తూచలేం కదా. అందుకని కొన్ని చేలు ఎంచుకుని పంట కోత ప్రయోగాలు చేస్తారు. ఏ సర్వే నంబరు చేను తీసుకోవాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక చెబుతుంది. ఆ చేలో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి వెళ్లాలో కూడా అదే చెబుతుంది. అక్కడ తాడుతో చదరంగా గడి కట్టి, అందులో ఉన్న పంటను కోసి, నూర్చి, తూకం వేసి రాయాలి. రైతుకు ఇష్టమైన మూలకు పోకూడదు, మనకు నీడ దొరికే మూలకూ పోకూడదు. అలా వచ్చిన తూకాల సగటే ఆ మండలం దిగుబడి. రెండో మాట, ఏదో ఒక కారణంతో ప్రయోగం జరగకపోతే, అంటే మావాళ్లు వెళ్లేలోపే రైతు పంట కోసేసుకుంటే, పట్టికలో ఆ చేను తూకం గడిని ఖాళీగా వదిలి సగటులోంచి తీసేయాలి. ఈ రెండో మాటను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

నేను చేరేనాటికి ఈ సగటులు తీసే పని కొని తెచ్చిన ఒక సాఫ్ట్‌వేర్‌తో జరిగేది. దానికి ఏటా లైసెన్సు కట్టాలి. పైగా దానికొక తాళం. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, కంప్యూటరు వెనక గుచ్చితేనే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. మా సూపరింటెండెంటు పట్టాభి గారు దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువాలో పెట్టి, బీరువా తాళం మొలకు కట్టుకునేవారు. అంతకుముందు దసరాకు దానికి బొట్టు కూడా పెట్టారట. ఆయన సెలవు పెడితే ఆ రోజు డివిజన్‌లో గణాంకశాస్త్రానికీ సెలవే. కానీ ఒకటి ఒప్పుకోవాలి, ఆ సాఫ్ట్‌వేర్ వాడటం సుఖం. మెనూలో నొక్కితే పట్టిక వచ్చేది. ఏదైనా మొరాయిస్తే కంపెనీవాళ్లకు ఫోను చేసేవాళ్లం, ఎవరో ఒక మర్యాదస్తుడు అటునుంచి ఓపిగ్గా చెప్పేవాడు.

ఆగస్టులో లైసెన్సు గడువు తీరింది. పొడిగింపు ఫైలు పైకి పోయింది, ప్రశ్నలతో కిందికి వచ్చింది, జవాబులతో మళ్లీ పైకి పోయింది. ఖరీఫ్ కోతలు దగ్గరపడ్డాయి. కాగితాల మీద చేత్తో సగటులు తీసిన కాలం నాకు తెలుసు కాబట్టి నేను భయపడలేదు గానీ, చిరాకు మాత్రం నషాళానికి అంటింది.

అప్పుడు షాహిదా అన్నది, లైసెన్సు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్ ఒకటుందని. షాహిదా ఉదయగిరి అమ్మాయి, గణాంకశాస్త్రంలో ఎమ్మెస్సీ, మా దగ్గర సహాయ గణాంకాధికారి. ఉదయగిరి, సీతారామపురం మండలాలు రెండూ ఆమె చూసుకునేది. ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఆర్. ప్రపంచంలో ఎక్కడెక్కడి ప్రొఫెసర్లో, విద్యార్థులో కలిసి రాసుకుంటూ పోతున్నారట. ఎవరైనా దింపుకోవచ్చు, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు. రూపాయి కట్టక్కర్లేదు. ఊరికే వచ్చేదంటే నాకు మొదటి నుంచీ అనుమానం. ఇందులో తిరకాసు ఎక్కడుందమ్మా అని అడిగాను.

"తిరకాసేం లేదు మేడం. నేర్చుకునేదే కష్టం," అన్నది.

నాకంటే పెద్ద చిక్కు పట్టాభి గారికి వచ్చింది. ఆఫీసులో వాడే ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. పూర్తి పేరు, కొన్న చోటు, బిల్లు నంబరు, ధర.

"ఆర్ అంటే ఏందమ్మా, పూర్తి పేరు చెప్పు," అన్నారు.

"అంతే సార్. ఆర్."

"ఇంటిపేరు గూడా లేదా?"

"లేదు సార్."

"ధర నిల్ అని రాస్తే ఆడిట్ వాళ్లు నన్ను నిల్ చేస్తారు మేడమ్," అని ఆయన నా వైపు తిరిగారు. చివరికి బహుమతిగా వచ్చిన వస్తువుల పేజీలో, కలెక్టరు గారి ఫొటోకూ గోడ గడియారానికీ కింద, ఆర్ అని ఒకే ఒక అక్షరం ఎక్కింది.

దాన్ని నేర్చుకున్న ఆ నెల రోజులు నా ఉద్యోగంలోకెల్లా సంతోషంగా గడిచినవి అంటే అతిశయోక్తి కాదు. తెరిస్తే మెనూ ఉండదు, బొమ్మలుండవు. ఒక తెల్లటి పేజీ, దాని మీద ఆరుతూ వెలుగుతూ ఒక గీత. ఏం చేయాలో మనమే రాయాలి. పెద్దక్షరానికి చిన్నక్షరం కొడితే ససేమిరా అంటుంది. యాభై ఏడేళ్ల వయసులో ఒక కామా కోసం నేను కళ్లజోడు తుడుచుకుని తుడుచుకుని వెతుక్కున్నాను. పక్కన షాహిదా నవ్వాపుకుంటూ కూర్చునేది. కానీ మొదటి సగటు సరిగ్గా వచ్చినప్పుడు, ఇది నేను రాస్తే వచ్చింది అనిపించింది. పాతదానిలో ఎన్నేళ్లు నొక్కినా ఆ మాట అనిపించలేదు. మనం రాసింది రాసినట్టు ఫైలులో ఉండిపోతుంది. వచ్చే ఏడు అదే ఫైలు నడిపితే చాలు. ఎక్కడైనా ఆగిపోతే ఇంటర్నెట్‌లో అడిగితే ఏ దేశంలోనో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి జవాబు రాసేవాడు. కొందరు చెప్పేవాళ్లు, కొందరు ఇంతమాత్రం తెలియదా అని కసిరేవాళ్లు. ఫోనెత్తే మర్యాదస్తుడు మాత్రం లేడు. అదనపు హంగులు దింపుకోవాలంటే నెట్ కావాలి, ఉదయగిరిలో ఆ రోజుల్లో నెట్ కొండెక్కి కూర్చునేది.

ఇంకో లోపం అప్పట్లో మాకు చిన్నదిగా కనిపించింది. మా కంప్యూటర్లలో ఆర్‌కు తెలుగు లిపి సరిగ్గా పడేది కాదు. తెలుగు మాట ఉన్నచోట కొక్కేలు, ఇంగ్లిషు యు అక్షరం, వరసగా అంకెలు కనిపించేవి. ఊళ్ల పేర్లు ఇంగ్లిషులో రాయించుకుని ఆ గండం గడిచిందనుకున్నాం.

సరిగ్గా ఆ ఏడే ఫీల్డు సిబ్బంది తూకాలను కాగితం మీద కాకుండా ఫోనులో ఎక్కించడం మొదలైంది. కాగితం ఉన్నన్నాళ్లూ అది ఆఫీసులో ఒక గుమాస్తా కళ్ల ముందు నుంచి పోయేది. ఇప్పుడు చేను గట్టు మీద నుంచి తిన్నగా కంప్యూటర్లోకి వస్తోంది. అందరం మెచ్చుకున్నాం. నేనూ మెచ్చుకున్నాను.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. సీతారామపురం వైపు సజ్జ వేసినవాళ్లకు మొలక వచ్చింది, మోకాలెత్తు పెరిగింది, వెన్ను తీసే వేళకు చినుకు లేదు. అక్కడ చెరువులు అప్పటికే నెర్రెలిచ్చాయి. మనుషులు కూలికి ఎటో ఒకవైపు పోతారు, పశువుల సంగతే కష్టం. సజ్జ పోతే గింజతో పాటు చొప్ప కూడా పోయినట్టే. దిగుబడి మామూలులో సగానికి తగ్గిన మండలాల్లో గడ్డి కేంద్రాలు తెరవాలని ఆ ఏడు నిర్ణయించారు. ఏ మండలం సగానికి తగ్గిందో చెప్పాల్సింది మేము.

అక్టోబరులో షాహిదా సగటులు తీసి నా టేబుల్ మీద పెట్టింది. ఉదయగిరి తగ్గింది. కలువాయి కాస్త తగ్గింది. సీతారామపురం మాత్రం మామూలు కంటే కొంచెం తక్కువ, అంతే. గడ్డి కేంద్రం జాబితాలోకి రాదు. తాత్కాలిక అంకెలుగా వాటిని అప్పటికే జిల్లాకు పంపాం, పై బుధవారం ఆత్మకూరులో సమావేశంలో ఖరారు చేయాలి. నాకు ఆ అంకె మింగుడుపడలేదు. పక్కపక్కన ఉన్న మండలాలు, ఒకే మబ్బు కింద బతికేవి. ఇది ఎండితే అదెలా పండింది? లెక్క మూడుసార్లు చూశానని షాహిదా అన్నది. నేను కూడా చూశాను. కూడిక తప్పు లేదు. ఎంపిక చేసిన ప్రయోగాలను అధికారి స్వయంగా వెళ్లి తనిఖీ చేయాలన్న నిబంధన ఒకటుంది. దాన్ని అడ్డం పెట్టుకుని మర్నాడే జీపు తీయించాను.

ఉదయగిరి దుర్గం కొండ పక్క నుంచి పోతుంటే షాహిదా వాళ్ల వీధి చూపించింది, కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు అరుగుల మీద కూర్చుని ఉన్నారు. సీతారామపురం దాటి లోపలికి పోయేకొద్దీ రోడ్డుకు రెండు వైపులా చేలు చూస్తున్నాను. కోసిన మోళ్లు అక్కడక్కడా ఉన్నాయి. మిగతాదంతా పశువులకు వదిలేసిన బీడు. మామూలు కంటే కొంచెం తక్కువ అన్న మాట ఆ చేలల్లో ఎక్కడా కనిపించలేదు.

మేము వెళ్లిన ఊళ్లో ప్రయోగం సలోమమ్మ అనే ఆమె చేలో జరిగింది. రెండెకరాల మెట్ట, పాలకేంద్రానికి పాలుపోసే ఎనుములు, ఇవే ఆమె బతుకు. పొద్దున ప్రార్థనకు పోయి అప్పుడే వచ్చినట్టుంది, చేతిలో బైబిలు అలాగే ఉంది. వాకిట్లో రెండు ఎనుములు కట్టేసి ఉన్నాయి, డొక్కలు లోపలికి పోయాయి. మూడో గుంజ ఖాళీగా ఉంది.

"దాన్ని పోయిన వారమే సంతకు తోలినాను," అన్నది. "గడ్డి బండి వస్తాదని అంటుండారు. వస్తాదా అమ్మా? వచ్చేదుంటే ఈ రెండింటినీ ఎట్టో నిలబెట్టుకుంటాను. రాదంటే చెప్పు, వచ్చే శుక్రవారం వీటిని గూడా తోలేస్తాను. నిలబడి చచ్చేదాకా చూస్తా ఉండలేను."

నా సంచిలో ఉన్న కాగితం ప్రకారం బండి రాదు. ఆ కాగితం నమ్మబుద్ధి కాక వచ్చానని చెప్పలేను కదా.

ప్రయోగం చేసిన ఫీల్డు మనిషి పెంచలయ్య కూడా వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లవాడే. గడి ఎక్కడ కట్టాడో చూపించాడు, అడుగులు లెక్కపెట్టి చూపించాడు, అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. తూకం ఎంత వచ్చిందని అడిగాను.

"ఏముండాదమ్మా తూకం. కోసినాము, నూర్చినాము, చేటతో ఎత్తి చూస్తే కళ్లం నిండుకునింది."

నేను తలూపి ముందుకు రెండడుగులు వేసి ఆగిపోయాను. మన ఇళ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. మా అవ్వ కుండ అడుగు గీకుతూ కూడా అదే మాట అనేది. లేదు అన్న మాట నోట పలికితే లేమి ఇంట్లో కూర్చుంటుందని భయం. ఈ వైపు పల్లెల్లో కళ్లం దగ్గర ఆ పట్టింపు ఇంకా ఎక్కువ. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అని మొదలుపెడతారు.

"ఫోనులో ఏం రాశావు పెంచలయ్యా?"

"అదే రాసినాను."

"అదే అంటే?"

"నిండుకుంది అని. తెలుగులో కొట్టినాను. సున్నా వెయ్యబొయ్యినాను గానీ ఆ యమ్మ ఊరుకోలా."

సలోమమ్మ అందుకుంది. "కళ్లంలో నిలబడి సున్నా రాయబాక అన్నాను. వచ్చే ఏడు మళ్లా ఆ చేలోనే గదమ్మా నేను విత్తనం వెయ్యాల్సింది? సున్నా అని రాసిపెట్టి మీ పాటికి మీరు పోతే ఎట్టా?"

ఊళ్లల్లో ఏమీ రాని గళ్లన్నిటికీ అదే రాశానని, తోటివాళ్లు కూడా అంతేనని పెంచలయ్య చెప్పాడు. వెనకటి రోజుల్లో కాగితం మీద కూడా అలాగే రాసేవాళ్లట. ఆఫీసులో గుమాస్తా దాన్ని చదివి సున్నా ఎక్కించుకునేవాడు. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆయన ఇంట్లోనూ ఉప్పు అలాగే నిండుకునేది.

షాహిదా అరుగు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. తూకాల వరసలో అక్కడక్కడా ఆ కొక్కేలు, యు అక్షరాలు, అంకెలు. తెలుగు మాట తెలుగులా కనిపించకపోవడంతో ఫోనులో ఏదో చెత్త పడిందనుకున్నామని ఇద్దరికీ అర్థమైంది. సంఖ్య కాని ప్రతి గడినీ ఆర్ ఖాళీగా మార్చేసింది. ఖాళీలను వదిలి సగటు తీయమని మేమే రాశాం, జరగని ప్రయోగాల కోసం. దాంతో ఎండిపోయిన చేలన్నీ లెక్కలోంచి జారిపోయి, ఏదో బావి పక్కన పండిన నాలుగు చేల సగటు మండలం సగటయి కూర్చుంది. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆర్ ఆ సంగతి చెప్పింది కూడా. కొన్నిటిని ఖాళీలుగా మార్చానని ఎర్రటి అక్షరాలతో ఒక వాక్యం చూపించింది. చూపించి తన పని తాను చేసుకుపోయింది. ఆగి అడిగే గుణం దానికి లేదు.

"మా అమ్మీ గూడా ఉప్పు నిండుకునిందనే అంటది మేడం," అన్నది షాహిదా. కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. లే, ముందు ఆఫీసుకు పోదాం అన్నాను.

ఆత్మకూరు వచ్చి, ఆ మాట ఉన్న ప్రతి గడికీ సున్నా పడేలా మా ఆర్ ఫైలులో రెండు వాక్యాలు కలిపాం. సీతారామపురం సగటు సగానికి చాలా కిందికి దిగింది. ఈలోగా వార్త పొక్కింది. కలువాయి వైపు నుంచి ఊళ్లో పెత్తనమున్న ఒక పెద్దమనిషి వచ్చి, "ఎట్టాగూ సరిచేస్తుండారు గదమ్మా, ఖాళీలన్నిటికీ సున్నాలు కొట్టేయండి, మా మండలం గూడా జాబితాలోకి వచ్చేస్తాది," అన్నాడు. కలువాయి ఖాళీలు నిజంగా ఖాళీలే, మావాళ్లు వెళ్లేలోపు రైతులు కోసుకున్న చేలు అవి. పండిన చేనుకు సున్నా వేయలేనన్నాను. ఆడమనిషికి ఇంత పట్టుదల పనికిరాదని చెప్పి, పట్టాభి గారు తెప్పించిన టీ తాగి మరీ వెళ్లాడాయన.

బుధవారం సమావేశానికి ఒక ప్రత్యేకాధికారి వచ్చారు. ఉత్తరాది మనిషి, యువకుడు, తెలుగు పట్టుదలగా నేర్చుకున్నారు. మా సవరణ కాగితం చదివి తల ఎత్తారు. "మీ సిబ్బంది నిండుకుంది అని రాశారు. నిండితే పంట బాగా వచ్చినట్టే కదా? మీరు సున్నా అంటున్నారేమిటి?"

గదిలో ఎవరూ నవ్వలేదు, నవ్వు ఆపుకోవడానికి అందరూ కాగితాల్లోకి చూశారు. షాహిదా లేచి, ఉప్పు సంగతి, బియ్యం సంగతి, కళ్లంలో లాభంతో మొదలుపెట్టే సంగతి చెప్పింది. ఆయన చక్కగా విన్నారు. విని అసలు ప్రశ్న వేశారు. ఒకసారి జిల్లాకు పోయిన అంకె మార్చాలంటే కారణం కావాలి. సాఫ్ట్‌వేర్ దగ్గర పొరపాటైతే కంపెనీ నుంచి ధ్రువపత్రం తెప్పించండి, దీనికి కంపెనీ ఏది?

అది నిజంగానే గట్టి ప్రశ్న. కొన్న సాఫ్ట్‌వేర్ అయితే తప్పు మీద వేలు పెట్టడానికి ఒక అడ్రసు ఉండేది. ఆర్‌కు అది లేదు. ఏ పూచీ లేదని దాని మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. పక్కన జిల్లా నుంచి వచ్చిన ఒకాయన, ఉచితంగా వచ్చినదాన్ని వాడితే ఇలాగే ఉంటుంది, ఈసారికి పాత అంకెలే ఉంచుదాం, వచ్చే ఏడు చూసుకోవచ్చు అన్నారు. వచ్చే ఏడు అన్న మాట వినగానే సలోమమ్మ వాకిట్లో ఖాళీ గుంజ నా కళ్లముందుకొచ్చింది. నా గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. ధ్రువపత్రం ఎవరూ ఇవ్వరు సార్, కానీ మేము ఏం చేశామో ఇక్కడున్న ఎవరైనా చూడొచ్చు, మీరే చేసి చూడండి అన్నాను.

షాహిదా మా ఫైలును గోడ మీద తెర మీదికి తెచ్చి ఒక్కో వాక్యం చదివి వినిపించింది. ఖాళీలు వదిలేయమన్న వాక్యం, సున్నా వేయమన్న కొత్త వాక్యాలు. ప్రత్యేకాధికారి తన సొంత లాప్‌టాప్ తీశారు. అందులో ఆర్ లేదు. దింపుకోవడం మొదలుపెట్టారు. ఆత్మకూరు నెట్ ఆ రోజు కూడా తన తీరు మానలేదు. టీలు వచ్చాయి, ఉదయగిరి అంకెల మీద చర్చ అయిపోయింది, ఆకుపచ్చ గీత నత్తనడకన జరుగుతూనే ఉంది. చివరికి దిగింది. మా ఫైలూ, మా తూకాలూ ఆయనకు ఇచ్చాం. ముందు పాత పద్ధతిలో నడిపారు, పాత అంకే వచ్చింది. తర్వాత కొత్త వాక్యాలతో నడిపారు, కొత్త అంకె వచ్చింది. నాలుగు ఊళ్ల ఫీల్డు సిబ్బందికి స్పీకరులో ఫోను చేసి ఆ మాటకు అర్థం ఏమిటని అడిగారు. నలుగురూ ఒకటే చెప్పారు. తాళం, లైసెన్సు ఉన్న పాత సాఫ్ట్‌వేర్ అయితే ఆయన తన కంప్యూటర్లో ఈ పని చేసి ఉండేవారు కాదు, మా మాట నమ్మడమో మానడమో చేసేవారు.

ఆయన సవరణ మీద సంతకం పెట్టి, సాఫ్ట్‌వేర్ తప్పు అన్న మాట కొట్టేయించి, చదవడంలో జరిగిన లోపం అని రాయించారు. అది సరైన మాట. కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌కు కూడా నిండుకుంది అంటే ఏమిటో తెలిసి ఉండేది కాదు.

సీతారామపురం జాబితాలో చేరింది. ఉత్తర్వు రావడానికి, టెండరు కావడానికి, గడ్డి లారీ కొండదారి ఎక్కడానికి వాటి టైము అవి తీసుకున్నాయి. గడ్డి కేంద్రం తెరిచిన రోజు నేనూ షాహిదా వెళ్లాం. సలోమమ్మ వరసలో నిలబడి ఉంది. ఎనుములు బాగున్నాయా అని అడిగాను.

"ఒకటుండాది," అన్నది. "నడవలేనిదాన్ని సంతలో ఎవురూ కొనలా, అందుకని అది మిగిలినాది. పాలిచ్చేది పోయినాది. మీ లెక్క మారిందని పెంచలయ్య చెప్పినాడమ్మా, ఆ శుక్రవారం సంత నుంచి వచ్చినాక చెప్పినాడు."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నాకు మాత్రం ఆ ముసలి ఎనుము ముందు గడ్డి మోపు దించుతుంటే చూడబుద్ధి కాలేదు. బుధవారం సమావేశం ముగిశాక అదే పూట ఊళ్లకు ఫోను చేయించి ఉండొచ్చు. ఉత్తర్వు చేతికి రాకుండా చెప్పకూడదన్నది నిబంధన, అందరం దాన్ని పాటించాం.

లైసెన్సు ఫైలు ఆ మార్చిలో మంజూరై వచ్చింది. అప్పటికి డివిజన్‌లో అందరూ ఆర్‌కు అలవాటు పడ్డారు. రెండూ వాడినదాన్ని కాబట్టి ఏది మేలని ఇప్పటికీ అడుగుతుంటారు. కొన్నది సుఖంగా ఉంటుంది, నేర్పేవాడు దొరుకుతాడు, నింద మోయడానికి ఒక పేరు ఉంటుంది. ఉచితంగా వచ్చినదానితో తంటాలు ఎక్కువ, తెలుగు దానికి సరిగ్గా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది, దిక్కు మనమే. కానీ అందులో జరిగింది దాచిపెట్టడానికి చోటు లేదు, పేదవాడైనా పై అధికారైనా అదే ఫైలు నడిపి చూసుకోవచ్చు. ఈ రెంటిలో దేనికీ సలోమమ్మ వాడిన మాట తెలియదు. అది తెలిసిన మనిషి ఎవరో ఒకరు మధ్యలో కూర్చుని చదవాలి, ఆ కుర్చీని మేము పొదుపు పేరుతో తీసేశాం. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఏ సగటు నా టేబుల్ మీదికి వచ్చినా, ఇందులో ఎవరెవరిని వదిలేశారని ముందు అడిగేదాన్ని. ఆ పేర్లు ఒక్కొక్కటీ చదివాకే సంతకం పెట్టేదాన్ని, శుక్రవారం సంతకు ముందే పెట్టేదాన్ని.